పిడికిట్లో తీగముక్క

నా కుడిసేతి సిటికినేలూ, దాని పక్కేలూ ఒంగవు. ఎవుడైనా అడిగితే ఇంజను జారి పడిందని సెప్తాను. అబద్ధం. అయి మా పెద్దబావ కాలికింద ఇరిగిన యేళ్ళు.

కంచరపాలెం రైలుగేటు దగ్గిర నాకు బళ్ళ వైరింగు షాపుండేది. తొంభైలు అయిపోయే రోజులు. అప్పటి మోటారుసైకిల్ హెడ్‌లైటు కన్నా దేవుడిమూల దీపం నయం. హైవే మీద లారీలకి ఎదురెల్లలేక కుర్రోళ్ళందరూ పెద్ద బల్బులు ఏసేసేవోరు. ఆ కరెంటంతా హేండిల్ మీదున్న సిన్న స్విచ్చిలోంచి పోతే అది ఊరుకుంటదా? కరిగి ముద్దయిపోయేది. అందుకే నాను రిలే పెట్టేవోణ్ణి. అగ్గిపెట్టంత డబ్బా అది. స్విచ్చి దానికి సైగ మాత్రం సేత్తది, బరువంతా అదే మోత్తది. తాళం కాడ పాయింట్లు కాలి ఇంజను ఆగిపోయే బళ్ళకి అక్కడా ఒకటి. ఆ సైగ మోసే సన్న వైర్లు హెడ్‌లైటు కింద నుంచి, హేండిల్ మెడ పక్కగా ఎల్తాయి. ఈ సంగతి గుర్తెట్టుకోండి, నా బతుకు అక్కడే తిరగబడింది.

మా సెల్లి మొగుడు, అంటే మా బావ, స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టరు కింద ఇనప రాడ్లు కట్టే పని సేసేవోడు. నోట్లో నాలిక లేనోడు. ఆళ్ళన్న, మా పెద్దబావ, పోర్టులో కలాసీ. ఆడికి నోటి కన్నా ముందు సెయ్యి లెగుద్ది. ఆ ఇంట్లో పాలు ఇరిగినా మా సెల్లిదే తప్పు. ఒకసారి దాని సెవి మీద కొట్టేడు, సానా రోజులు దానికి ఆ పక్క ఇనపడలేదు. నాను కర్రట్టుకుని ఎల్తే అదే నా కాళ్ళకి అడ్డం పడింది. ఎల్లిపో అన్నియ్యా, నాను ఈళ్ళతోటే బతకాల, అంది. ఎనక్కొచ్చేసేను గాని ఆ మంట నా కడుపులో అలగే ఉండిపోయింది.

బావ బండికి లైటుకొకటీ, తాళం కాడొకటీ రిలేలు పెట్టింది నానే. కంపెనీ వైరింగు కోసేత్తన్నాడు, ఏదో రోజు నా తమ్ముణ్ణి సంపేత్తాడు అని పెద్దబావ వీధంతా ఇనిపించేలాగ అరిసేడు.

ఆ ఇంట్లో ఇంకో అలవాటుంది. పనికాడ మిగిలిపోయిన కట్టుతీగ ముక్కలు బావ జేబులో ఏసుకొచ్చేవోడు. ఇంట్లో ఏది ఊడినా దాంతోటే కట్టేవోరు. బకెట్టు సెవి, మంచం కోడు, గుమ్మం తడిక, అన్నీ ఆ తీగే. ప్రతి మంగళారం మా సెల్లి తలకి పోసుకుని, దిష్టి తగలకుండా బండి హెడ్‌లైటు కింద నిమ్మకాయా మిరపకాయలూ కట్టేది. నాను సూసినప్పుడల్లా నల్లదారంతోనే కట్టింది.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి వత్తంటే హైవే మలుపులో బావ బండి ఆగిపోయింది. ఎనకున్న లారీ గుద్దేసింది. మనిషి బతికేడు గాని కాలు నుజ్జయిపోయింది. లైటూ ఇంజనూ ఒకేసారి పోయినాయని, ఆస్పత్రిలో తెలివొచ్చేక అదొక్కటే సెప్పేడు.

మర్నాడు పొద్దున్నే పెద్దబావ తన జట్టు కలాసీలతో వచ్చి, ఆ బండిని రిక్షా మీంచి నా షాపు ముందు పడేసేడు. మా సెల్లిని కూడా జుట్టట్టుకుని లాక్కొచ్చేడు. దాన్ని ఒగ్గేసి నా మొహం మీద గుద్దేడు. ముక్కులోంచి రత్తం నోట్లోకి దిగింది. నాకూ కావలసింది అదే. రెంచీ తీసి ఆడి బుజం మీద కొట్టేను, ఎముక సప్పుడయ్యింది. అబద్ధమెందుకు, ఆనందమేసింది. మిగిలినోళ్ళు నన్ను కింద పడేసి డొక్కలో తన్నేరు. నాను ఒకడి పిక్క కరిసి ఒగ్గలేదు. ఎదురు టీకొట్టు ముసలాయన మరిగే నీళ్ళ గిన్నె ఎత్తి, ఆగకపోతే అందరి మీదా కుమ్మరిత్తానన్నాడు. అప్పుడు ఆగేరు. ముందు బండి ఇప్పి సూడండి, తప్పెవరిదో తేలేక కొట్టుకుందురు, అన్నాడాయన.

నా పని మీద నాకంత నమ్మకం. రత్తం ఉమ్మేసి, అందరూ ఇనేలాగ సెప్పేను.

"నా వైరింగు వల్లయితే ఈ సెయ్యి ఇక్కడే ఇరగ్గొట్టండి."

మాట మీదుండు, అన్నాడు పెద్దబావ.

హెడ్‌లైటు ఇప్పేను. రిలేలు బాగున్నాయి, నా అతుకులు ఏసినవి ఏసినట్టే ఉన్నాయి. లోపల నవ్వొచ్చింది. వైర్లు తడువుకుంటా కిందకి, హేండిల్ మెడ కాడికి యేళ్ళు పోనిచ్చేను. ఏదో గుచ్చుకుంది. కట్టుతీగ. వైర్లనీ మెడనీ కలిపి బిగించి మెలేసుంది. హేండిల్ తిప్పినప్పుడల్లా రంపంలాగ కోసుకుంటా వైర్ల తోలు తినేసింది. లోపలి రాగి బండి ఇనపకి తగిలి ఫ్యూజు పోయింది. సైగ ఆగిపోతే రిలేలు రెండూ ఒకేసారి పడిపోయినాయి. తీగ కొసన మిరపకాయ తొడిమ ఇంకా ఉంది.

దారం గాలికి తెగిపోతందని ఈసారి తీగతో కట్టింది. మొగుడు సల్లగుండాలని గట్టిగా కట్టింది, పిచ్చిది.

తలెత్తి సూసేను. మా సెల్లి షటరు కాడ కూకుని ఉంది, పెదివి పగిలిపోయి. అన్న తప్పు కాకూడదని దేవుడికి మొక్కుకుంటంది. ఆ తీగ పైకి తీసి సూపిత్తే నా సెయ్యి నాకు దక్కుద్ది. నిమ్మకాయ కట్టేది ఎవరో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇంటికి తీసుకెల్లి మా సెల్లిని ఏటి సేత్తారో నాకు తెలుసు. నాకు బయమేసింది, సెయ్యి గురించి కాదు.

"ఏటి దొరికిందిరా?" అన్నాడు పెద్దబావ.

తీగ మెలి ఇప్పి పిడికిట్లో ముడిసేసేను.

"తప్పు నాదే," అన్నాను. "నా వైరింగే."

నా సెయ్యి గుమ్మం రాయి మీద పెట్టించేడు. పిడికిలి ఇప్పమన్నాడు. ఇప్పలేదు. ఏదో దాసేత్తన్నాడని మడమతో తొక్కేడు. ఒక యేలు ఇరిగింది, ఆ మీద ఇంకోటి. నాను అరిసిన అరుపులు రైలుగేటు దాకా ఇనిపించినాయంట. ఆడి ఏడు తరాల్నీ తిట్టేను గాని పిడికిలి మాత్రం ఇప్పలేదు. తీగ కొస అరిసేతిలోకి దిగిపోయింది. ఆడే అలిసిపోయి, నా మీద ఉమ్మేసి ఎల్లిపోయేడు. ఆడెనకాల ఎల్తా ఎల్తా మా సెల్లి నా ముందు ఆగింది.

"నా మొగుణ్ణి నువ్వే కుంటోణ్ణి సేసేవు," అంది.

ఆ దెబ్బ ముందు మడమ దెబ్బలు ఏపాటి.

ఆ తర్వాత కొన్నేళ్ళు అది నాతో మాటాడలేదు. నన్ను నమ్మి బండి ఇచ్చేవోడు లేక షాపు మూసేసేను. ఎడంసేత్తో పని నేర్సుకుని ద్వారకా నగర్‌లో ఒకరి కింద కుదిరేను. ఈలోగా పెద్దబావ ఏరుపడి ఎలమంచిలి ఎల్లిపోయేడు. అప్పుడొచ్చేడు బావ, కుంటుకుంటా, ఒక సెకండ్‌హ్యాండ్ మోటారుసైకిల్ తోసుకుని. లైటు సాలట్లేదు, రిలే పెట్టు బావా, అన్నాడు. అంత జరిగినా నా కాడికే వచ్చేడు. కూడా వచ్చిన మా సెల్లి మొహం పక్కకి తిప్పుకుని నిలబడింది.

సోల్డరింగుతో అతుకులేసేను, పనయ్యింది. మా సెల్లి సంచిలోంచి నిమ్మకాయా మిరపకాయలూ తీసింది. కట్టుతీగ ముక్క తీసి హెడ్‌లైటు కింద వైర్ల సుట్టూ తిప్పబోయింది. నాకు తెలీకుండానే దాని సెయ్యట్టుకున్నాను.

"తీగ ఒద్దమ్మా," అన్నాను. "దారంతో కట్టుకో."

సెయ్యి ఇదిలించుకోబోయి ఆగిపోయింది. ఒంగని నా యేళ్ళు దాని మణికట్టు మీదున్నాయి. యేళ్ళ కేసి సూసింది, తీగ కేసి సూసింది, వైర్ల కేసి సూసింది. నా సెయ్యి తిరగేసి, అరిసేతిలో మచ్చ మీద ఆ తీగ కొస ఆనించి సూసింది. నిమ్మకాయ కింద పడిపోయింది. బజార్లో అందరూ సూత్తండగా నా సెయ్యి మొహానికి అద్దుకుని ఏడిసింది.

ఏటయ్యిందే అని బావ కంగారుగా అడుగుతన్నాడు.

"ఏటీ లేదు బావా," అన్నాను. "సోల్డరింగు పొగ కళ్ళల్లో పడింది."