పెద్దాయన ఖాతాలో పడ్డ ఫీజు డబ్బు

బ్యాంకుకు వెళ్తే టైలరమ్మ పని ఒక పట్టాన తెమలదు. ఆమె చేతిరాత ముత్యాల కోవ. "అమ్మా, నా చీటీ కూడా కాస్త రాసిపెట్టవూ" అంటూ నలుగురు చుట్టూ చేరతారు. ఆమె కాదనదు. దేవుడు నాలుగక్షరాలిచ్చింది నా ఒక్కదాని కోసమేనా అంటుంది.

సోమవారం కూడా అలాగే అందరికీ రాసి, చివర్న తన చీటీ రాసుకుని, కూతురి నర్సింగు చదువుకని దాచిన ఇరవై వేలు కట్టి వచ్చింది. గురువారం పాస్‌బుక్‌లో ప్రింటు వేయిస్తే ఆ డబ్బు జాడే లేదు. ఫీజుకు రేపే ఆఖరు. ఆమె రసీదు పట్టుకుని క్యాషియరు దగ్గరికి పరుగెత్తింది.

"ముందు కూర్చోండమ్మా," అని క్యాషియరు తన సీసాలో నీళ్లే ఇచ్చాడు. సోమవారం చీటీల కట్ట విప్పి, ఆమె రసీదు పక్కన పెట్టుకుని, అంకె అంకె మీదా వేలు పెట్టి చూశాడు.

"పేరు మీదే. నంబరు మాత్రం చెప్పులు కుట్టే పెద్దాయనది. డబ్బు నంబరును బట్టే పోతుంది."

అప్పుడు గుర్తొచ్చింది. ఆయన చీటీ రాశాక ఆయన పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. మనవరాలికి పన్నూడిన ముచ్చట ఆయన చెబుతుంటే నవ్వుకుంటూ, దాన్ని చూసే తన చీటీ నింపేసింది.

"ఆయన సంతకం పెడితేగానీ వెనక్కి రాదమ్మా."

పెద్దాయన ఆసుపత్రి గేటు పక్కన కూర్చుంటాడు. తీసి వాడేసుకుని ఉంటే ఏ ముఖంతో అడగను, అనుకుంటూ దారంతా దేవుణ్ణి తలుచుకుంది.

"నా ఖాతాలో ఇరవై వేలా! ఎవరు తల్లీ అంత ధర్మాత్ములు?"

"నేనే బాబాయ్," అని జరిగిందంతా చెప్పింది.

"మూడు రోజులు షావుకార్నై ఉన్నానన్నమాట! ముందే చెబితే కాలు మీద కాలేసుకుని కూర్చునేవాణ్ణి కదా!" అని ఆయన పడీ పడీ నవ్వాడు. సగం కుట్టిన చెప్పు పక్కన పెట్టి లేచాడు. ఒంటి చెప్పుతో నిలబడ్డ మనిషి, "వెళ్లిరా పెద్దాయనా, నీ సామాను నేను చూస్తుంటాలే," అన్నాడు.

బ్యాంకులో డబ్బు తీసే చీటీ ఆమె రాసింది. పెద్దాయన తనకొచ్చిన ఒకే ఒక్క రాత, సంతకం, నింపాదిగా పెట్టాడు. తర్వాత తన పుస్తకం మూసి, కుర్చీలో వేసి, దాని మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు రాసుకో తల్లీ, నీది."

క్యాషియరు పాస్‌బుక్‌ ఆమె వైపు తిప్పి చూపించాడు. ఇరవై వేలూ ఉన్నాయి. ఆమె కళ్లు మూసుకుని ఒక్క క్షణం చేతులు జోడించింది.

ఇంతలో వెనక నుంచి ఎవరో, "అమ్మా, నాది కూడా కాస్త..." అన్నారు.

"ఇటివ్వండి, రాస్తాను," అంటూ ముందు తన పాస్‌బుక్‌ను సంచిలో పెట్టుకుంది టైలరమ్మ.