సునీత తాళం వేసిన ఫైలు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచి సరదా. ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందట అని ఎవరైనా అంటే, ‘అద్దె కడుతోందా మరి?’ అని అడిగే రకం నేను. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానా అంటే, లేదనే చెబుతాను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

మాది గుంటూరు వైపు. తుర్కయాంజాల్‌లో స్థిరపడ్డాం. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర నాకూ మావారికీ కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. కెమెరాలు, ప్రింటర్లు ఆయన చూసుకుంటారు. చెరిగిపోయిన ఫైళ్ళు వెతికి తీయడం, మర్చిపోయిన పాస్‌వర్డుల సంగతి చూడటం నా పని. పాస్‌వర్డ్ పెట్టిన రోజు ప్రతివాళ్ళూ మహా తెలివైనవాళ్ళే. మర్చిపోయాక మాత్రం షేర్ ఆటో దిగి నేరుగా నా దగ్గరికి వస్తారు.

రమేశ్ అలా వచ్చినవాడే. కోహెడ దగ్గర ఊరు, వ్యవసాయం. భార్య సునీత జ్వరంతో చనిపోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. వాళ్ళకొక పాప, ఆరేళ్ళు ఉంటాయేమో. ఆ పిల్లకు ఫిట్స్. తల్లి పోయాక అవి బాగా ఎక్కువయ్యాయి. కొత్త డాక్టరు వేరే మందు మొదలుపెట్టాలన్నాడు. కానీ అంతకుముందు ఏదో ఒక మందు పడక పిల్ల ఒళ్ళంతా పొక్కి, ప్రాణం మీదికి వచ్చిందట. ఆ మందు పేరేమిటో తెలియకుండా కొత్తది రాయడానికి డాక్టరు భయపడుతున్నాడు. రమేశ్‌కు తెలిసిందల్లా అది తెల్లగా, చిన్నగా ఉండేదని.

“పాత డాక్టరు దేశం ఇడిచిపోయిండు మేడం. చీటీలన్నీ మా ఆమె బ్యాగులనే ఉండె. పోయినోళ్ళ సామాను ఇంట్ల ఉంచొద్దని చీరెలతో పాటు గా బ్యాగు గూడ పారేసిన్రు,” అన్నాడు.

లాప్‌టాప్‌నూ అలాగే వదిలించుకోబోయారు. తమ్ముడి కూతురికి చదువుకోవడానికి ఇద్దామని, ఎక్కడో ఇచ్చి అంతా తుడిచేయించారు. ఆ తర్వాత గుర్తొచ్చిందట, పాపకు మందు వేసినప్పుడల్లా సునీత అందులో ఏదో రాసుకునేదని.

నాకు ఒళ్ళు మండింది. బట్టలంటే సరే, మందుల చీటీలు చూసుకోవద్దా? పైకి అనలేదు. మనిషి అప్పటికే సగమైపోయి ఉన్నాడు.

పాత హార్డ్ డిస్కు కావడం మా అదృష్టం. అలాంటి డిస్కులో చెరిపేసిన ఫైలు వెంటనే మాయమైపోదు. దాని మీద కొత్తది పడేదాకా అక్కడే ఉంటుంది. పేరు మాత్రం పోతుంది. వెతికితే ఎక్సెల్ ఫైళ్ళు బోలెడు బయటపడ్డాయి. సునీత సిటీలో ఒక కంపెనీ ఆఫీసులో ఎక్సెల్ పనే చేసేదట. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ఏవో స్టాకు వివరాలు, ఆఫీసు హాజర్లు. మందుల మాట ఎక్కడా లేదు. ఒక్క ఫైలు మాత్రం తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది.

“అదే అయితది మేడం. ఆఫీసుల తాళం ఏసుడు అలవాటైంది ఆమెకు. ఫోన్ల ఫొటోలకు గూడ తాళమే,” అన్నాడు రమేశ్.

షీటులో మార్పులు చేయకుండా పెట్టే తాళమైతే నాకు చిటికెలో పని. ఇది ఫైలు తెరవడానికే వేసిన తాళం. కొత్త ఎక్సెల్‌లో దాన్ని పగలగొట్టే దారి లేదు. సరైన మాట తగిలేదాకా ఊహించుకుంటూ పోవాల్సిందే. పాప పేరు, పుట్టిన తేదీ, పెళ్ళి రోజు, ఇంటి దేవుడు, ఊరి పేరు, అన్నీ వేశాం. తర్వాత సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి, రోజుల తరబడి నడవనిచ్చాను. ఏమీ తగల్లేదు.

ఆ రోజుల్లో నాకొక పాడు ఆలోచన మొదలైంది. ప్రతిసారీ ఆ పాస్‌వర్డ్ పెట్టె వచ్చినప్పుడు, తలుపు అవతల ఎవరో నిలబడి గడియ పట్టుకున్నట్టు అనిపించేది. మావారితో అంటే నవ్వారు. నేనైనా నవ్వేదాన్నే. కానీ షాపులో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ లాప్‌టాప్ మూత దించి పెట్టడం మొదలుపెట్టాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

చివరికి నా వల్ల కాదని రమేశ్‌కు ఫోన్ చేశాను. మర్నాడు పట్టపగలే వచ్చాడు, వెంట వాళ్ళమ్మ యాదమ్మ. పాపకు ఆ ఉదయం కూడా ఫిట్స్ వచ్చిందట. పక్కింటివాళ్ళకు అప్పగించి వచ్చారు. నా ప్రయత్నాలన్నీ చెప్పి, ఆ ఫైలును ఒకసారి తెరిచి చూపించాను. పెట్టె వచ్చింది.

“ఏమడుగుతుంది బిడ్డా గది?” అంది యాదమ్మ.

“లోపలికి రానివ్వడానికి ఒక మాట అడుగుతోంది పెద్దమ్మా. ఆ మాట మీ కోడలికి తప్ప ఎవరికీ తెలియదు.”

ఆమె స్క్రీను మీంచి చూపు తిప్పి, నన్ను కాదు, కొడుకును చూస్తూ మాట్లాడింది.

“పిట్ట గూడ ముట్టలే గదరా.”

మా వైపు కాకికి పెట్టడం అంటాం, ఇక్కడ పిట్టకు పెట్టడం అంటారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఆరుబయట పెడతారు. పిట్ట ముడితే మనిషి తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే ఏదో మనసులో ఉండిపోయిందని, ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటిస్తారు. సునీతకు పెట్టిన రోజు ఎంతసేపు చూసినా పిట్ట వాలలేదట. చివరికి ఆ విస్తరి ఆవుకు పెట్టి ఇంటికి వచ్చేశారట.

“అందరు మాటిచ్చిన్రు, పొల్లను మంచిగ చూస్కుంటమని. నేనొక్కదాన్నే ఇయ్యలే,” అంది యాదమ్మ. “గాలి సోకిన పొల్లకు గోలీలెందుకని ఆమెతోని రోజు లొల్లే నాకు. ఆమె పోయినంక గోలీలు నేనే బంద్ వెట్టిన. తాయెత్తు కట్టించిన.”

రమేశ్‌కు ఆ సంగతి తెలియదు. అతని ముఖం చూడలేకపోయాను. “అమ్మా, ఎంత పని చేసినవే,” అన్నాడు, అంతే. పిల్లకు ఫిట్స్ ఎందుకు పెరిగాయో మా ముగ్గురికీ అప్పుడే అర్థమైంది.

యాదమ్మ చెప్పులు విడిచింది. లాప్‌టాప్ ముందుకు వచ్చి, రెండు చేతులూ జోడించింది.

“సునీతా, ఇగ ఇను. పొల్లకు గోలీలు తప్పనియ్య. గా తాయెత్తు ఇయ్యాలనే ఇప్పేస్త. దవాఖానకు నేనే తీస్కపోత. నీ మీదొట్టు. ఇగ నువ్వు ఫికర్ వెట్టుకోకు.”

నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. ఏదో ఒకటి చేయాలి కాబట్టి ఆ పెట్టెను రద్దు చేశాను. రమేశ్‌కు సునీత ముద్దుపేరేదో గుర్తొచ్చిందంటే, వేసి చూద్దామని ఫైలు మీద మళ్ళీ నొక్కాను.

పెట్టె రాలేదు. ఫైలు తెరుచుకుంది.

ఆ ముద్దుపేరు నేనింకా టైపు చేయనే లేదు. ఎదురుగా వరసలు వరసలుగా మందుల పేర్లు, వేసిన వేళలు, పిల్ల ఎలా ఉందో. ఒక వరస మొత్తం ఎర్ర రంగు వేసి ఉంది, పక్కన ‘ఒళ్ళంతా పొక్కింది, మళ్ళీ ఎప్పుడూ వద్దు’ అని. రమేశ్ అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేసి ఆ పేరు చదివాడు. డాక్టరు కొత్తగా రాద్దామనుకున్న మందు అదేనట.

గబగబా ప్రింటు తీసి ఇచ్చి పంపించాను. వాళ్ళు వెళ్ళాక ఫైలు మూసి మళ్ళీ తెరిచాను. పాస్‌వర్డ్ అడిగింది. పదిసార్లు తెరిచినా అడిగింది. నా దగ్గర ఉంచుకున్న కాపీ ఈ రోజుకీ అడుగుతూనే ఉంది.

మావారు తనకు తోచినవన్నీ చెప్పారు. ముందే ఎక్కడో తెరిచి ఉండి ఉంటుందన్నారు. ఎవరికీ తెలియని పాస్‌వర్డ్‌తో ఎవరు తెరుస్తారు? సాఫ్ట్‌వేర్‌కు మాట దొరికిందేమో అన్నారు. దొరికితే అది చూపించాలి, చూపించలేదు. చివరికి ఆయన కూడా ఆ మాట ఎత్తడం మానేశారు.

ఆ సాయంత్రం ప్రింటర్‌లో ఆఖరి కాగితం ఒకటి ఉండిపోయిందని చూసుకున్నాను. కొన్నాళ్ళకు యాదమ్మ దవాఖాన నుంచి వస్తూ పాపను తీసుకుని షాపుకు వచ్చింది. ఫిట్స్ తగ్గాయట. పిల్ల మెడలో తాయెత్తు లేదు. ఆ కాగితం ఇచ్చాను.

“ఏమున్నది బిడ్డా? నాకు సదువు రాదు,” అంది.

పట్టికంతా అయిపోయాక అడుగున ఒకే ఒక మాట ఉంది. చదవాలా వద్దా అని తటపటాయించి, చదివాను. “‘గోలీలు బంద్ పెట్టొద్దని అత్తమ్మకు ఎట్ల చెప్పాలె?’”

యాదమ్మ కాగితాన్ని మడత పెట్టి కొంగులో కట్టుకుంది. ఏడవలేదు. పక్కన ఎవరో ఉన్నట్టు, ఖాళీగా ఉన్న కుర్చీ వైపు తిరిగి అంది.

“చెప్పినవ్ కదనే. ఇన్న.”

ఆ ఫైలు ఎలా తెరుచుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను వెతికింది ఒక పాస్‌వర్డ్ కోసం. ఆమెకు కావలసింది అది కాదేమో.