మూడు ప్రాణాల ఆటలు

నా చిన్నప్పుడు ఆటలో చచ్చినవాడు చచ్చినట్టే, పక్కన కూర్చుని చూడాల్సిందే. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో మా మనవరాలు టీవీకి తగిలించి ఆడే ఆటల్లో మనిషికి మూడేసి ప్రాణాలిస్తున్నారు. నేనూ ఆడతాను. ఈ వయసులో ఇదేం బుద్ధని కోడలు లోపల అనుకుంటుంది. అనుకోనీ.

ఆడి చూశాకే చెబుతున్నాను. తుపాకితో బాతుల్ని కొట్టే పాత ఆట నాకు గిట్టదు. కొల్లేట్లో పుట్టినదాన్ని, కూరకి పనికిరాని పిట్టను ఊరికే పడగొట్టలేను. కంప్యూటర్లో కొత్తగా వచ్చిన కారు పందెం ఇంకా దండగ. గోడకు గుద్దినా కారు మళ్ళీ కొత్తదైపోతుంది, ఇక గుద్దినవాడికి బుద్ధెలా వస్తుంది? ఫోన్లో పాము ఆట కొంత మేలు. తిన్నకొద్దీ పెరిగి, తన తోకే తనకు అడ్డమై చస్తుంది. అన్నిటికంటే నాకు నచ్చింది చేత్తో పట్టుకుని ఆడే ఇటుకల ఆట. వచ్చిన ముక్కను వచ్చినట్టు, సందు వృథా పోకుండా పేర్చాలి.

“మామ్మా, నాకంటే బాగా ఆడేస్తున్నావేంటి?” అంది మనవరాలు.

“పిడకలు పేర్చిన చెయ్యే, ఏమనుకున్నావ్?” అన్నాను.

మొన్న ఆ పిల్ల ఓడిపోతున్నానని తెలియగానే ఆట ఆపేసి మళ్ళీ మొదటినుంచి పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకో ఆ పిల్లకు అర్థం కాలేదు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మాది కొల్లేటి మధ్యన లంక. మా నాన్న పొద్దున్నే దోనె వేసుకుని, వెదురు మావుల్లో పడ్డ చేపల్ని తీయడానికి వెళ్ళాడు. కాసేపటికే గాలివాన పట్టుకుంది. లంకలో ఉన్న మిగతా దోనెలు ఆ గాలికి నీళ్ళలో దిగలేకపోయాయి. మగవాళ్ళు ఒడ్డున నిలబడి కేకలు వేశారు. ఆ కేకలు మా ఇంటిదాకా కూడా సరిగ్గా వినబడలేదు. అమ్మ గుమ్మం పట్టుకుని అలాగే ఉండిపోయింది.

మా ఇంట్లోనే ఉండే మేనత్త నన్ను లోపలికి లాక్కెళ్ళి, నేలమీద బొగ్గుతో పులి-మేక గడులు గీసింది. మూడు గచ్చకాయలు ఆవిడ పులులు, పదిహేను చింతగింజలు నా మేకలు. ఎప్పుడూ నన్ను గెలవనిచ్చే అత్త, ఆ రోజు ఒక్కో మేకనూ తీసేసుకుంటూ పోయింది. కళ్ళు మాత్రం వాకిలి వైపే ఉన్నాయి. ఐదు మేకలు మిగిలేసరికి ఏడుపొచ్చి, అరచేత్తో అన్నీ చెరిపేశాను.

అత్త తిట్టలేదు. మళ్ళీ గీసింది. ఏ పులి ఎక్కడుందో, ఏ మేక ఎక్కడుందో, ఒక్క గడి తప్పకుండా పెట్టేసింది.

“చెరిపేస్తే ఓడిపోనట్టేనా? ఇంకా ఐదున్నాయి కదే అమ్మడూ. వాటితోనే ఆడు.”

“నాన్న ఎప్పుడొస్తాడత్తా?”

“నాకు తెలీదమ్మా. నువ్వు జరుపు.”

పెద్దవాళ్ళు తెలీదనడం నేను వినడం అదే మొదలు. భయమేసింది. అయినా జరిపాను. ఆ ఐదూ పోయేదాకా ఆడాను.

మూడోనాడు బోర్లా పడిన దోనె దొరికింది. నాన్న దొరకలేదు. అమ్మ చాన్నాళ్ళు మంచం దిగలేదు. మూడో తరగతితోనే నా బడి ఆగిపోయింది. అత్త మా నాన్న పాత వల ముందేసుకుని చిరుగులు అల్లడానికి కూర్చుంది. దారం ఉండ నా చేతికిచ్చింది.

ఆ రోజు నాన్న కోసం మేమెవ్వరం ఏమీ చేయలేకపోయాం. ఆ చేతకానితనం ఇన్నేళ్ళైనా నన్ను వదల్లేదు. ఆ తరవాత కూడా నా వల్ల కానివి చాలానే వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ, పోయినవి పోగా నా ముందు ఏం మిగిలిందో చూసుకుంటాను. దాన్నే కాస్త ముందుకు జరుపుతాను. గెలుస్తానని మాత్రం ఏనాడూ అనుకోలేదు.