కూర్చున్న రాతిబొమ్మ

నంద్యాలలో నేను పనిచేసిన విత్తనాల కంపెనీ మేనేజరు "కార్మికుల గౌరవం" అన్నప్పుడల్లా అరచెయ్యి గుండె మీద పెట్టుకునేవాడు. ఆ గౌరవానికి గుర్తుగా, గింజలేరే ఆడమనిషి విగ్రహాన్ని ఆళ్లగడ్డలో చెక్కించాడు. గేటు దగ్గర ముసుగు తీస్తే, చేట ఒళ్లో పెట్టుకుని ఆ రాతిమనిషి హాయిగా కూర్చుని ఉంది.

మేనేజరు అదిరిపడి శిల్పికి ఫోన్ చేశాడు. "ఏందప్పా ఇది? మాకాడ ఆడోళ్లు పొద్దుగూకులూ నిలబడే ఏరుతాండారు. నువ్వేమో కూచోబెట్టినావు! దీన్ని చూసి అందరూ స్టూళ్లడుగుతారు. లేపి నిలబెట్టు!"

పక్కనే ఉన్న గింజలేరే పెద్దామె అంది: "రాతికేం కాళ్లు గుంజుతాయా సార్? దాన్ని నిలబెట్టి, మమ్మల్ని కూచోబెట్టండి."

ఆయన అలవాటుగా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. విగ్రహానికి మళ్లీ ముసుగు వేయమన్నాడు.