నీలం రంగు బాలయేసు

ఎనభై ఎనిమిదో సంవత్సరం, మార్చి నెల రెండో బుధవారం, పొద్దున తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. నా గుట్టు బయటపడింది అప్పుడు. ఆ రోజుల్లో జూబ్లీహిల్స్‌లో బండలూ స్టూడియోలూ తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. నేను అక్కడ సెట్లకు బొమ్మలు వేసేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒక్క అక్షరం రాదు. ఆ సంగతి మా మేనమామకు తప్ప ఎవరికీ తెలియదు. (మా పెయింటింగ్ మేస్త్రీ ఆయనే. ఆయనకూ రాదు.)

చర్చి సెట్టు వేస్తున్నాం. ఆర్ట్ డైరెక్టరు మద్రాసు వెళ్తూ మామ చేతికి ఒక జిరాక్సు కాగితం ఇచ్చి, పెద్ద గుడ్డ మీదికి దించమన్నాడట. ఐదువందల ఏళ్ళ కిందట జర్మనీలో ఎవరో రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మ. మరియమ్మ, ఒళ్ళో బాలయేసు, అంతా సన్నటి నల్లగీతలే. కింద మూలన చెక్కినవాడి గుర్తు, దాని పక్కన ఇంకేదో రాత. గళ్ళు గీసుకుని రాతతో సహా అన్నీ దించాను. జర్మనీ రాతైనా తెలుగు రాతైనా అప్పుడు నాకు ఒకటే. ఆ తర్వాత రంగులు వేశాను. పదేళ్ళు పౌరాణికాలకు పనిచేసిన చెయ్యి దేవుణ్ణి రంగు లేకుండా ఎట్లా పంపుతుంది? తల్లికి ఎర్రచీర (జరీ అంచుతో). పిల్లవాడి ఒంటిమీద గీతలు దట్టంగా ఉన్నాయి కాబట్టి నల్లనయ్య అనుకుని నీలం వేశాను.

తొమ్మిదికి షాటు. ఆర్ట్ డైరెక్టరు వచ్చి గుడ్డను పైనుంచి కిందిదాకా చూశాడు. ఆ కింది రాత ఎవరిదని అడిగాడు. నేనే సార్ అన్నాను, కాస్త గర్వంగానే.

"ఏం రాశావో ఒకసారి చదువు."

నేను మామ వైపు చూశాను. మామ నేలచూపులు చూస్తున్నాడు. ఇక ఆయనే చదివాడు.

"దీనికి రంగు వేయవద్దు. నల్లగీతలే ఉండాలి."

అది ఆయన జిరాక్సు కాగితం మీద నాకోసం రాసిపెట్టిన మాట. పని పోయిందనుకున్నాను. అప్పుడు, గుంపులో వేషానికి వచ్చిన, మేమంతా రహమత్ నగర్ అత్త అని పిలిచే ఆవిడ (నిజంగా చర్చికి పోయే మనిషి) బొమ్మ దగ్గరికి వచ్చి చూసింది.

"పశువుల పాకల పుట్టిండు సార్, పసిగుడ్డు. చలికి నీలం గాకుంటే ఏమైతడు?"

ఆర్ట్ డైరెక్టరు నవ్వేశాడు. కింద జానెడు గుడ్డ మడిచి మేకులు కొట్టించాడు. రంగు మార్చే వేళ లేక నీలం పిల్లవాడు అట్లాగే సినిమాలో ఉండిపోయాడు. మేకులు కొట్టడం అయ్యాక ఆయన నావైపు తిరిగాడు.

"నా రాత నాకంటే నువ్వే బాగా రాశావయ్యా. రేపటి నుంచి అరగంట ముందు పలక తీసుకునిరా. పలక లేకపోతే రావద్దు."

ఆయన మొదట నేర్పిన మాట 'వద్దు'. పలకను చొక్కా లోపల దాచుకుని బస్సెక్కిన ఆ ఇద్దరు పిల్లల తండ్రిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: ఆర్ట్ డైరెక్టరు, మేస్త్రీ మామ, రహమత్ నగర్ అత్త, నవ్వు ఆపుకోలేక బయటికి పోయిన కెమెరా అన్న, నేను. ఇందులో ఒక్క మాట కూడా ఎవరి రాతా చూసి దించింది కాదు.