సోమమ్మ చెలక చుట్టూ పొలి

సోమమ్మకు ఈ లోకంలో ఉన్న ఆస్తి మేళ్లచెరువు దారిలో వాన మీదే పండే ఒక చెలక. దాన్ని చెలక అనడం మన మర్యాద. పైన జానెడు మట్టి, దాని కింద ఊరంత సున్నపురాయి. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె గంపలకొద్దీ రాళ్లు ఏరి బయట పోసింది. మొగుడు పోయాక కూడా ఏరుతూనే ఉంది. ఆ మట్టిలోనే జొన్న, కంది పండించి ఇద్దరు ఆడపిల్లలను సాకింది.

అలాంటి చోటికి యాభై ఎనిమిదిలో సిమెంటు కంపెనీ వాళ్లు జీపు వేసుకుని వచ్చారు. వాళ్లకు రాయి కావాలట, మట్టి అక్కర్లేదట. ఆహా, ఎంత చదివితే వస్తుందో ఆ తెలివి! సోమమ్మ బతుకంతా తిట్టిపోసిన రాయికేమో పెళ్లికొడుకు మర్యాదలు, ఆమెకు అన్నం పెట్టిన మట్టికేమో పారబోత.

ఊళ్లో ఒకటే సంబరం. అందరికంటే ఎక్కువ ఎగిరినవాడు ఆమె మరిది రామచంద్రం. అన్నదమ్ముల పంపకంలో పక్క చెలక అతనికి వచ్చింది. బేరం కుదరకముందే ఎడ్లను అమ్మి సైకిల్ కొన్నాడు. కాబోయే షావుకారు నాగలి పట్టడమేమిటి మరి! అంతటితో ఆగాడా? రెండు చెలకల నడుమ హద్దురాళ్లను ఎవరూ చూడకుండా పెకిలించి, గట్టును చదును చేశాడు. కంపెనీ కొలతకు వచ్చినప్పుడు వదిన చెలకలో నాలుగు సాళ్లు తనవైపు కలుస్తాయని ఆ మహానుభావుడి ఎత్తు.

పైగా వదినను కూడా అమ్మెయ్యమని రోజూ పోరు పెట్టాడు. అమ్మకపోతే సర్కారు ఊరికే గుంజుకుంటుందని బెదిరించాడు. ఆమె నిజంగానే భయపడింది, అన్నం సయించలేదు. చెలక పోతే కూలికైనా ఎవరి చెలకకు పోవాలి? అందరివీ గుంతలే అవుతాయి కదా.

అప్పుడు ఆమెకు ఊరి దేవత ఈదమ్మ తల్లి గుర్తొచ్చింది. ఈదమ్మ పేర పొలి, అంటే బలి నెత్తురు కలిపిన బువ్వ, చుట్టూ చల్లిన భూమికి ఆ ఊళ్లో ఒక కట్టు ఉంది. దున్నుకోవచ్చు, పండించుకోవచ్చు, పశువులను మేపుకోవచ్చు. అమ్మకూడదు, గడ్డపార దించకూడదు. పిల్లల కాలానికైనా అదే కట్టు. ఎవరూ బలవంతపెట్టరు, తనంతట తానే పదిమందిలో చెప్పి ఇవ్వాలి. సోమమ్మ చెప్పింది. ఊరు ముక్కున వేలేసుకుంది. లక్ష్మి వచ్చి తలుపు తడితే గొళ్లెం పెట్టుకున్న ఆడదాన్ని వాళ్లు అదే మొదటిసారి చూడటమట.

ఈదమ్మ పండుగనాడు పొద్దు పొడవకముందే అమ్మవారి పూజారి బైండ్ల మల్లయ్య గంప ఎత్తుకుని పొలి చల్లుతూ బయలుదేరాడు. ముందు కాగడా పట్టాల్సింది ఇంటి మగదిక్కు. అంటే ఇంకెవరు, రామచంద్రమే. మల్లయ్య పద్ధతి ఒక్కటే. హద్దురాయి కనబడిన చోట తిరగాలి, కనబడేదాకా నడవాలి. సోమమ్మ చెలక అయిపోయింది, రాయి లేదు. మల్లయ్య నడుస్తూనే ఉన్నాడు. రామచంద్రం చెలక సగమైంది, రాయి లేదు. కాగడా పట్టినవాడు హద్దు వెనకే ఉందని నోరు తెరిస్తే, మరి రాళ్లేమయ్యాయని వెంట వస్తున్న పెద్దమనుషులు అడుగుతారు. పాపం, తెరవలేదు. అవతలి కొసన రాయి దొరికేదాకా తన భూమి చుట్టూ తానే వెలుగు చూపించాడు. రాళ్ల సంగతి సోమమ్మకు అప్పుడే తెలిసింది. అయినా మల్లయ్యను ఆపకుండా వెనకే నడిచింది.

కంపెనీ దొర ఇదంతా విని నవ్వి, రామచంద్రం చెలకలో నమూనాకు గుంత తవ్వమన్నాడు. తవ్వాల్సిన కూలీలు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. పొలి లోపల గడ్డపార దించేవాడు ఒక్కడూ దొరకలేదు. అక్కడ రాయికేం కరువు, కంపెనీ తూర్పు దిక్కుకు మళ్లింది.

తొలకరి పడింది. రామచంద్రం దగ్గర సైకిల్ ఉంది. దానికి నాగలి కట్టే ఉపాయం మాత్రం కంపెనీ చెప్పిపోలేదు. చివరికి వచ్చి వదిన గడప ముందు నిలబడ్డాడు.

"వదినా, జర ఎడ్లనియ్యరాదూ. అదును పోతాంది."

సోమమ్మకు తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. కానీ పంపకాలు కాకముందు ఆ చెలకలోనూ తన మొగుడే రాళ్లు ఏరాడు. అది బీడు పడితే ఆమె చూడలేదు.

"ఇస్త. ముందుగాల మీ అన్న పాతిన రాళ్లు యాడ దాసినవో తెచ్చి పాతు."

రాళ్లను సైకిల్ మీద పెట్టి తోసుకుంటూ తెచ్చాడు. భుజాన గడ్డపార కూడా ఉంది.

"గా గడ్డపార అవతల పెట్టు. ఈదమ్మ భూమిల దించద్దు. కాగడా పట్టింది నువ్వే గద."

రామచంద్రం మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తోడాడు. జానెడు పోయేసరికి గోళ్లకు సున్నపురాయి తగిలింది. సోమమ్మ పక్కనే కూర్చుని, ఆఖరి రాయి నిలబడేదాకా చూసి, అప్పుడు లేచి ఎడ్లను విప్పింది.