లైబ్రరీ మేడం అడిగి ఇప్పించిన వేసవి

పోయిన గురువారం పొద్దున కామారెడ్డి నుంచి మా కాలేజీ అటెండర్ అన్న ఫోన్ చేశాడు. "మేడం పోయింది చెల్లే" అన్నాడు. ఏ మేడం అని నేను అడగలేదు. ఆయన గొంతులోనే తెలిసింది.

ఆమె మా డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్. చినిగిన పుస్తకాలను మైదా పిండితో కాచిన లై పూసి అతికించేవారు. అది వేళ్ల మీద ఎండి పొట్టులా లేస్తే గిల్లుకుంటూ మాతో మాట్లాడేవారు. నేను ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. రెండో సంవత్సరంలో ఉండగా ఒకరోజు పేపర్ ముక్క కత్తిరించి నా ముందు పెట్టారు. హైదరాబాద్‌లో ఒక మ్యూజియం వేసవి సెలవుల్లో విద్యార్థులను ఇంటర్న్‌షిప్‌కు తీసుకుంటుందట.

మొదటి దరఖాస్తులో నాకు ఇంగ్లిష్ అంతగా రాదని రాశాను. ఆమె పెన్సిల్‌తో కొట్టేశారు. "నీకేం రాదో వాళ్లకెందుకు? ఏం చేస్తవో రాయి." అలా మూడు ఉత్తరాలు పంపాం. ఒక్కదానికీ జవాబు రాలేదు.

"పోయి అడుగుదాం. అడుగుతె ఏం పోతది?" అన్నారు.

ముందు మా బాపును అడగాలి. ఒక ఆదివారం ఆమే ఎల్లారెడ్డి వచ్చారు. మాకు యాసంగి వరి కోతకు వచ్చి ఉంది.

"జీతం లేని కొలువేంది మేడం? ఈడ మనుషులు దొర్కుత లేరు" అన్నాడు బాపు.

"కొలువు కాదన్నా, నేర్చుకునుడు. మా చెల్లెలింట్ల ఉంటది. నాట్ల యాళ్లకు నీ బిడ్డ నీ పొలంల ఉంటది, నాది పూచీ."

బాపు చేతిలోని కొడవలి చూరులో చెక్కాడు. చివరికి "మీ మాట మీద తోలిస్తున్న" అన్నాడు.

మ్యూజియంలో అధికారి మమ్మల్ని మధ్యాహ్నం దాకా బయటే కూర్చోబెట్టారు. లోపలికి పిలిచి, "ఇక్కడికి సిటీ కాలేజీల పిల్లలే వస్తారండీ, మీ అమ్మాయికి కష్టం" అన్నారు. నేను లేచాను. మేడం లేవలేదు. "సార్, ఏదన్న ఒక్క వస్తువు మీద కార్డు రాయించి చూడుండ్రి. నచ్చకుంటె పోతం."

ఆయన బల్ల మీదున్న ఇత్తడి దీపం చూపించారు. దాని కొలతలు, రూపం రాశాను. ఆయన రెండుసార్లు చదివి, సోమవారం నుంచి రమ్మన్నారు.

రెండు నెలలు దుమ్ము దులిపాను, కార్డులు రాశాను. నాకు తెలియనిదేమిటంటే, అదే వేసవిలో కడుపులో గడ్డ చూపించుకోవడానికి ఆమె రెండుసార్లు హైదరాబాద్ వచ్చారు. నేనుంటున్న ఇంటికి రాలేదు. నాకు చెప్పొద్దని చెల్లెలితోనూ ఒట్టు వేయించుకున్నారు. వానాకాలంలో ఆ సంగతి తెలిసి ఏడుస్తూ అడిగాను.

"చెప్తె నువ్వు వచ్చి నా పక్కన కూసుంటవ్. ఆ కార్డులెవలు రాస్తరు?" అన్నారు.

ఆ రెండు నెలల సర్టిఫికెట్ చూసి ఇంతవరకు నాకెవరూ ఉద్యోగం ఇవ్వలేదు. ఇప్పుడు బీఈడీ చదువుతున్నాను. ఉద్యోగం రాలేదన్న మాట ఆమెకు చెప్పలేక ఈ ఏడాది లైబ్రరీకి వెళ్లడమే తగ్గించాను. అది నా తప్పు.

చివరిసారి ఆమెను హైదరాబాద్‌లోనే చూశాను. నేను చూడ్డానికి వెళ్లిన రోజు, ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్తూ, చెల్లెలు వద్దంటున్నా వినకుండా, మ్యూజియం చూపించమన్నారు. పై అంతస్తులో, వెనకటి వాళ్లు వడ్లు కొలిచిన కంచు మానిక పక్కన నేను రాసిన వివరాల చీటీ ఉండాలి. అది చూడాలట. అయిదు మెట్లు ఎక్కి గోడ పట్టుకున్నారు. "నాతోని కాదు బిడ్డా. నువ్వు పోయి చూసి రా."

పైకి వెళ్లాను. ఆ అద్దాల బీరువా ఖాళీగా ఉంది. మానిక లేదు, చీటీ లేదు. ఎవరినీ అడగకుండా కిందికి వచ్చాను.

"ఉన్నదా?"

"ఉంది మేడం."

"ఏమని రాసినవో చెప్పు."

ఆమె మెట్టు మీద కూర్చుని తల గోడకు ఆనించారు. నేను పక్కన కూర్చుని, ఎదురుగా చీటీ ఉన్నట్టే మొదటి అక్షరం నుంచి చదివాను. కింద వాచ్‌మన్ కిటికీలు ఒక్కొక్కటిగా మూస్తున్నాడు. ఆమె కళ్లు మూసుకుని, "ఇంకొక్కసారి" అన్నారు.